పక్క చేనాయన గెట్టు మీద పందుల కోసం కరెంటు తీగ కడుతున్నాడు, పగ పెరగకుండా ఆపేదెట్లా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. పక్క రైతు అడవి పందుల కోసం రాత్రిళ్ళు ఉమ్మడి గెట్టు మీద కరెంటు తీగ కడుతున్నాడు, ఫిర్యాదు చేస్తే తరాల పగ, ఊరుకుంటే తెల్లవారుజామున నీళ్ళు మలపడానికి పోయే మీ అమ్మ గురించి భయం. నా జవాబు ముందే చెప్తాను. ఠాణాకు పోయే ముందు ఆయన ఇంటికి పొండి. ఇవాళే పొండి. ఆయన వినకపోతే రేపు ఠాణాకు పోవడానికి ఒక్క క్షణం కూడా వెనకాడకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మాది మహబూబాబాద్ జిల్లా గూడూరు వైపు, అడవి అంచు ఊరు. నాకు మూడెకరాల పన్నెండు గుంటలు. తూర్పు గెట్టు అవతల కాకది అయిదెకరాలకు పైనే. సొంత కాక కాదు, వరసకు కాక. చిన్నప్పుడు నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని చెరువు కట్ట మీద బతుకమ్మలు చూపించినాయన. అట్లాంటి మనిషితో 2017 నుంచి రెండేళ్ళు నాకు మాటల్లేవు. కారణం గెట్టే. ఒక వానకాలం ట్రాక్టరు దున్నకంలో గెట్టు రెండడుగులు ఇటు జరిగిందని నేనంటాను. హద్దు రాయిని ఎప్పుడో మా నాయినే జరిపిండని ఆయనంటాడు. సర్వేకు దరఖాస్తు పెట్టుకుని, చలానా కట్టి, సర్వేయర్ కోసం కళ్ళు కాయలు కాసేలా చూసిన వాళ్ళకే తెలుసు ఆ బాధ. పాసుపుస్తకంలో ఎన్ని గుంటలో ఉంటుంది గానీ ఆ గుంటలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో ఉండదు. ఇప్పుడు భూభారతి చట్టం వచ్చాక రిజిస్ట్రేషన్‌కు పటం జోడించాలంటున్నారు. ఆ పటమే మా నాయినల కాలంలో ఉంటే మా ఊరి పంచాయితీలు సగం పుట్టేవే కావు.

సరే, 2019 యాసంగి. ఇద్దరమూ మక్క వేసినం. ఫిబ్రవరిలో కంకి పాలు పట్టింది. పందులకు అదే పండగ. పంది కంకి తిని పోతే అంత దుఃఖం ఉండదు. ఒక్క కంకి కోసం పది దంట్లు విరుస్తుంది. పిల్లలున్న పంది అయితే దంటు మీద పడి వంచుతుంది, పిల్లలు కింద తింటాయి. తెల్లారి చూస్తే చేనులో గుండ్రంగా, ఎడ్లబండి తిప్పినంత మేర, అంతా నేలమట్టం. ఇంట్లో పాత చీరలన్నీ గెట్ల మీద కట్టినం, వారం రోజులు పనిచేసింది. మంచె ఎక్కి డబ్బా కొట్టినం. నేను ఇటు కొడితే గుంపు కాక చేనులోకి పోయేది, కాక అటు టపాసులు కాలిస్తే నా చేనులోకి వచ్చేది. మేమిద్దరం ఒకరి మీదికి ఒకరం పందులను తోలుకున్నం నెల రోజులు. మాటలుంటే ఒకే రాత్రి ఇద్దరం రెండు దిక్కుల నుంచి కలిసి తోలేవాళ్ళం.

మా బాయి మూడిళ్ళది, నీళ్ళకు వంతులుంటాయి. ఆ రోజు నా వంతు తెల్లవారుజామున. ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చాక రాత్రి బాయికాడికి పోయే తిప్పలు తప్పినయని అందరూ అంటారు గానీ, ఉమ్మడి బాయి ఉన్నోనికి ఆ తిప్పలు తప్పలేదు. నాలుగున్నర అయి ఉంటుంది. భుజం మీద పార, చేతిలో లైటు. మా నల్లోడు నా ముందు నడుస్తున్నడు. నల్లోడంటే మా కుక్క, ఆరేళ్ళ నుంచి నేను ఎక్కడికి పోయినా నాకంటే నాలుగు అడుగులు ముందుండేది. కాలువ దాటి గెట్టు ఎక్కింది. అంతే. మొరగలేదు, మూలగలేదు. ఒక్కసారి బిగుసుకుపోయి పక్కకు ఒరిగింది.

పాము అనుకున్నా. లైటు కిందికి దించితే సన్నగా మెరిసింది. కట్టెపుల్లలకు చుట్టిన బైండింగ్ వైరు, నా మోకాలి కంటే కొంచెం కింద. నల్లోని మూతి దానికి అంటుకునే ఉంది. నా కాళ్ళ కింద నిన్నటి తడి. చెప్పులు చేతిలో ఉన్నయి, బురదకు తీసి పట్టుకున్నా. కదలాలంటే భయం, నిలబడాలంటే భయం. తీగ ఎటు నుంచి ఎటు పోయిందో చీకట్ల తెలియదు. వచ్చిన అడుగుల మీదనే, వెనక్కి తిరగకుండా, ఒక్కో అడుగు చూసి పెట్టుకుంటూ కాలువ దాకా వచ్చిన. అక్కడి నుంచి డొంక దారి పట్టి కాక స్టార్టర్ డబ్బా దగ్గరికి ఉరికి ఫ్యూజు పీకిన. ఆ ఫ్యూజు చేతిలో పట్టుకునే ఊర్లోకి పోయి కాక తలుపు కొట్టిన.

ఆ దారిలో నా మనసులో ఏముందో దాచను. ఆయన్ని కొట్టాలనే పోయిన. పార నా భుజం మీదనే ఉంది.

తలుపు చిన్నమ్మ తీసింది. వెనక కాక. నా చేతిలో ఫ్యూజు చూసిండు. అడగలేదు, గడప మీద కూలబడ్డడు. "ఎవరు బిడ్డా?" అన్నడు. అంతే అడిగిండు, ఎవరు అని. నల్లోడని చెప్పిన. రెండు చేతులతో ముఖం కప్పుకున్నడు. "నాలుగింటికి తీద్దామని కూసున్న. కన్నంటుకుంది బిడ్డా. నీ వంతు ఇయ్యాల్నని నాకెట్ల ఎరుక?" చిన్నమ్మ నుదురు కొట్టుకుంటూ ఏడుస్తుంది.

నీ వంతు ఇవాళ అని నాకెట్ల తెలుసు. ఈ ఒక్క మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది. బాయి ఒకటే, గెట్టు ఒకటే. నా వంతు ఎప్పుడో ఆయనకు తెలియదు, ఆయన తీగ ఎప్పుడు కడతాడో నాకు తెలియదు. రెండడుగుల నేల కోసం రెండేళ్ళు మాట మానుకున్నం గనుక. ఆ పొద్దు ఆయన పరుపు కింద నుంచి ఎరువుల దుకాణం చీటీలు తీసి నా ముందు పెట్టిండు, ముప్పై గుంటల చేను అప్పటికే పోయిందన్నడు. పోయింది నిజమే, నేనూ చూసిన. అయినా తీగకు అది జవాబు కాదని ఆయన ముఖం మీదనే అన్న. అనాల్సిందే. మీరు కూడా అనండి.

"నా చేను, నా ఇష్టం" అనే వాళ్ళు మా దగ్గర చాలామంది. గెట్టు మీద కాదు, సొంత చేను నడిమధ్యలో కట్టినా నేరమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట అంటే తుపాకీతో కాల్చడం ఒక్కటే కాదు, ఉచ్చు వేయడం, విషం పెట్టడం, ఆ ప్రయత్నం చేయడం కూడా వేటే. అడవి పంది ఇప్పుడు ఆ చట్టం రెండో షెడ్యూల్లో, అంటే రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. స్తంభం మీద కొక్కెం వేసి కరెంటు లాగితే విద్యుత్ చట్టం కింద చౌర్యం వేరే. మనిషి పోతే శిక్షార్హమైన నరహత్య కేసు. 2024లో భూపాలపల్లి అడవిలో గ్రేహౌండ్స్ జవాను ఒకాయన వేటగాళ్ళ తీగకు బలయిండు. అంత శిక్షణ ఉన్న మనిషికే చీకట్ల తీగ కనబడలేదు, పార పట్టుకుని పోయే మీ అమ్మకు కనబడుతుందా? ఆసిఫాబాద్ వైపు పెద్దపులులు కూడా ఈ తీగలకే చచ్చినయి.

తీగ కట్టే వాళ్ళలో ఇంకో రకం ఉంది, వాళ్ళ మీద నాకు జాలి లేదు. పంట పేరు చెప్పి మాంసం కోసం కట్టేవాళ్ళు. తెల్లారేసరికి పోగులు పెట్టి, నోరు మూయించడానికి పక్కింటికి ఒక పోగు పంపుతారు. ఆ పోగు ముట్టకండి. అది తినడం కూడా నేరమే, పైగా ఒకసారి తిన్నాక రేపు తీగ గురించి మాట్లాడే నోరు మీకుండదు.

"మరి ప్రభుత్వం కాల్చనిస్తుందిగా" అంటారు. 2021లో మన రాష్ట్రంలో సర్పంచులకు ఆ అధికారం ఇచ్చారు, జాబితాలో ఉన్న షూటర్లను పిలిపించి పంటలు పాడుచేసే పందులను కాల్పించమని. కేరళలో కూడా మరుసటి ఏడు పంచాయతీ అధ్యక్షులకు ఇచ్చారు. కాగితం మీద బాగుంది. కానీ 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం అయిపోయి, మళ్ళీ ఎన్నికలు 2025 డిసెంబరులో గానీ జరగలేదు. ఆ మధ్యలో రైతు ఎవరి దగ్గరికి పోవాలి? సర్పంచుల బదులు పెట్టిన స్పెషల్ ఆఫీసర్‌కు అయిదు ఊర్లు, ఆయనకు పంది బాధ చెప్పుకునేలోపు మక్క ఇంటికొచ్చేది. అయినా కాల్పుల మీద నాకు నమ్మకం లేదు. షూటర్ ఒక రాత్రి వచ్చి పోతాడు. గుంపు చెదిరి పక్క ఊరి చేలల్లో పడుతుంది. తూటాకు గెట్టు తెలియదు, పక్క చేను మంచె మీద ఎవరు పడుకున్నరో తెలియదు.

పందులకు అసలు ఇల్లు ఎక్కడో చూడండి. మాకు పడమర ఆరెకరాలు పట్నమాయన కొన్నడు. కొన్ననాటి నుంచి నాగలి పెట్టలేదు. సర్కారు తుమ్మ పెరిగి లోపల పగలే చీకటి. పందులు పొద్దంతా అక్కడ పండుకుంటయి, రాత్రి మా చేలల్లో తింటయి. ఆయనకు ఎకరాకు ఇంత అని రైతుబంధు పడింది, చేను పోగొట్టుకున్న కౌలు రైతుకు రూపాయి రాలేదు. ఫోన్ చేసి తుమ్మ కొట్టించమంటే "చూద్దాం" అంటాడు. పొరుగు రైతు అంటే పక్కన ఉండేవాడు. పక్కన లేనోడితో మంచిగుండేది ఎట్లా, చెడుగుండేది ఎట్లా?

కాకతో ఏమైందో చెప్తా. ఆ ఏడు పంట అయ్యాక ఇద్దరం కలిసి సోలార్ కంచె వేసినం. రెండు చేలకూ కలిపి చుట్టూ ఒకటే కంచె, మధ్యలో గెట్టుకు ఏమీ లేదు. ఎవరికి వాళ్ళం వేసుకుంటే ఆ గెట్టు పొడవునా కూడా తీగ, గుంజలు కావాలి, కంచెకు కరెంటు పంపే మిషన్లు రెండు కావాలి. కలిపితే తొమ్మిదెకరాలకు ముప్పై ఎనిమిది వేలతో అయిపోయింది, ఎకరాల లెక్కన పంచుకున్నం. దాంట్లో కరెంటు ఆగి ఆగి క్షణంలో చిన్న వంతు మాత్రమే వస్తుంది. ఎగిరిపడేంత దెబ్బ, ప్రాణం పోదు. స్తంభం కరెంటు అట్లా వదలదు, పట్టుకుంటుంది. కింది తీగ పంది ముట్టెకు తగిలేంత కిందికి ఉండాలి. గడ్డి తీగను తాకితే కరెంటు దిగిపోతుంది, అందుకే గడ్డి కోయడం వంతులేసుకున్నం. ఎండాకాలం ఎర్త్ రాడ్ దగ్గర నాలుగు బిందెల నీళ్ళు పోయాలి, లేకుంటే దెబ్బలో బలముండదు. ఈ రెండు పనులు మరిచినోళ్ళే "సోలార్ కంచె పనిచేయదు" అని తిరుగుతారు. అంత డబ్బు లేకుంటే రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు చెప్పేది చేయండి: మక్క చుట్టూ ఆముదం, పల్లి చుట్టూ నాలుగు వరుసలు కుసుమ. కుసుమ ముళ్ళకు పంది ముట్టె పెట్టదు. ఇది కూడా ఇద్దరు కలిసి వేస్తేనే, ఒక్కని చేను చుట్టూ వేస్తే పక్క చేను పోతుంది, మళ్ళీ పగ మొదలు.

ఆ రెండడుగులు ఎవరివో ఇప్పటికీ తేలలేదు. సర్వేయర్ వచ్చినా ఆ లెక్క తేల్చుకోవద్దని కాకే అన్నడు, ఆ గెట్టు మీద ఇద్దరం కంది వేస్తున్నం.

మీరు ఆయన ఇంటికి పోయినప్పుడు ముందు ఆయన చేనులో ఎంత పోయిందో అడగండి. చెప్పనివ్వండి, మధ్యలో ఆపకండి. తర్వాత మీ అమ్మ ఏ రోజు, ఎన్నింటికి, ఏ దారిన పోతుందో చెప్పండి. వీలైతే అమ్మనే వెంట తీసుకుపొండి. ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని "కడతా" అనగలిగితే అప్పుడు ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కు, లైన్‌మన్‌కు, ఠాణాకు మూడింటికీ చెప్పండి. ఆయన తీగ తగిలించేది చీకటి పడ్డాకే కదా, అంతలోపే పొండి. ఆలస్యమైతే మాత్రం చేలకు అడ్డం పడి పోకండి, రోడ్డు మీదుగా పొండి.