ఫైళ్లన్నీ ఆ డ్రైవ్‌లోనే ఉన్నాయి!

ప్రశ్న: నిన్నటిదాకా బాగా పనిచేసిన డెస్క్‌టాప్ ఇవాళ నల్ల తెర మీద 'బూట్ డివైస్ దొరకలేదు' అంటోంది. ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి, టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: ముందు పెన్‌డ్రైవ్‌లన్నీ తీసేసి ఆన్ చేయండి, ఒక్కోసారి అంతే సరిపోతుంది. అయినా రాకపోతే బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి వెళ్లి (చాలా వాటిలో ఆన్ చేయగానే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కాలి) మీ ఫైళ్లున్న డ్రైవ్ పేరు ఉందేమో చూడండి, అసలు విషయం తేలేది అక్కడే. పేరు లేకపోతే కరెంటు ఆపేసి డ్రైవ్ సాటా కేబుల్ (డేటా వెళ్లే తీగ), పవర్ కేబుల్ ఊడదీసి మళ్లీ గట్టిగా పెట్టండి. పేరుంటే బూట్ ఆర్డర్, అంటే కంప్యూటర్ ముందు ఏ డ్రైవ్ నుంచి మొదలవ్వాలో చెప్పే వరుస, సరిచేయండి. తేదీ, టైమ్ కూడా తప్పుగా ఉన్నాయంటే మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ, ఎక్కువగా సీఆర్2032, అయిపోయి సెట్టింగులు మారిపోయి ఉండొచ్చు. డ్రైవ్ టకటకమని చప్పుడు చేస్తుంటే మాత్రం దయచేసి పదేపదే ఆన్ చేయకండి, విండోస్ మళ్లీ ఎక్కించకండి, ముందు ఫైళ్లు బయటికి తీయించుకోండి.