సద్దుల బతుకమ్మ రాత్రి తాళం పడితే, దావాకు ఉగాది దాకా ఆగుతారా?

ప్రశ్న: జనగామ బస్టాండ్ దగ్గర మా నాన్న 1986లో ఒక కిరాయి మడిగెలో టిఫిన్ హోటల్ పెట్టారు. 2019లో ఆయన పోయాక నేనే నడుపుతున్నాను. రాసుకున్న అగ్రిమెంటు లేదు, లైసెన్సు ఇంకా నాన్న పేరు మీదే ఉంది. 2005లో కిరాయి 2,500 ఉండేది, ఇప్పుడు 9,000. అడ్వాన్సు లక్షా యాభై వేలు ఇచ్చాం. పాత ఓనరు చనిపోయాక ఆయన కొడుకు కాంప్లెక్స్ కడతానని ఖాళీ చేయమంటూ వచ్చాడు. 2025 సద్దుల బతుకమ్మ నాడు రాత్రి పదింటికి హోటల్ కట్టేసి ఇంటికి పోయాం. తెల్లవారి నాలుగింటికి వస్తే షట్టర్‌కు వేరే తాళాలున్నాయి. సామానంతా లోపలే ఉంది. 100కు ఫోన్ చేస్తే పోలీసులు వచ్చి, సివిల్ గొడవ అని వెళ్లిపోయారు. మర్నాడు అతను నా భార్య ఫోన్‌పేకు 40,000 పంపాడు. అప్పటినుంచి అమ్మ సరిగా అన్నం తినడం లేదు. ఊళ్లో ఆరువందల మంది హోటల్ తెరవాలని సంతకాలు పెట్టారు. నలభై ఏళ్లుగా ఉన్నాం కాబట్టి మడిగె మీదేనని కొందరు అంటున్నారు. పాత తేదీ స్టాంపు కాగితం ఇప్పిస్తాను, తొమ్మిదేళ్ల అగ్రిమెంటు రాసుకోండని ఒకాయన అంటున్నాడు. ఉగాది తర్వాత మంచి రోజు చూసి కేసు వేద్దామనుకుంటున్నాం. సలహా ఇవ్వగలరు.

జవాబు: మీ ఉత్తరం మూడు పేజీలుంది. తాళం పడిన తేదీ మాత్రం అందులో ఎక్కడా లేదు, పండగ పేరు చెప్పి వదిలేశారు. మీ కేసు నిలిచేది ఆ తేదీ మీదే. 2025లో సద్దుల బతుకమ్మ సెప్టెంబరు 30న వచ్చింది. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 ప్రకారం, స్థిరాస్తి స్వాధీనంలో ఉన్న మనిషిని అతని సమ్మతి లేకుండా, కోర్టు దారిలో కాకుండా బయటికి నెడితే ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి తెచ్చుకోవచ్చు. ఆస్తి ఎవరిది, కిరాయి గడువు ఎప్పుడు తీరింది అనేవి ఆ దావాలో విచారణకే రావు. తాళం రాత్రి పదకొండుకు వేశాడా, ఒంటిగంటకు వేశాడా అన్నది మీకు తెలియదు కాబట్టి ముందు తేదీ నుంచే లెక్క వేసుకోండి. 2026 మార్చి 30 సోమవారం మీకు ఆఖరి రోజు. ఉగాది మార్చి 19న. పండగ చేసుకుని, పంచాంగం చూసి, లాయర్‌ను వెతుక్కునే సరికి మిగిలేవి పదకొండు రోజులు. అప్పీళ్లకు ఆలస్యం మన్నించమని అడగొచ్చు గానీ, ఆ వెసులుబాటు ఇచ్చే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 దావాలకు వర్తించదు. మార్చి 31న వెళ్తే అమ్మ పరిస్థితి ఎంత చెప్పినా జడ్జి చేయగలిగేదేమీ ఉండదు. ఐదు నెలలు సంతకాలు పోగేయడానికి తిరిగారు, ఒక్క పూట లాయర్ దగ్గర కూర్చోలేకపోయారా?

ఆరు నెలలు దాటితే దారి పూర్తిగా మూసుకుపోదు. కానీ అప్పుడు వేసేది మీ హక్కు రుజువు చేసుకోవాల్సిన మామూలు దావా. కాగితం లేని నెలవారీ కిరాయిదారుకు అక్కడ బలం తక్కువ.

ఇక రెండో ముఖ్యమైన మాట, ఆ నలభై వేలు. మీరు దాన్ని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. అవతలి లాయర్ మాత్రం మొదట అక్కడే పట్టుకుంటాడు. ‘డబ్బు తీసుకుని తాళంచెవులు ఇచ్చేశారు, బలవంతమేమీ లేదు’ అన్నది అతని రాతపూర్వక జవాబులో మొదటి పేరా అవుతుంది. సమ్మతి ఉందని తేలితే సెక్షన్ 6 దావా నిలబడదు. ఐదు నెలలు ఆ డబ్బు మీ భార్య ఖాతాలో ఉండటం మీకు మంచిది కాదు, అయినా ఇప్పుడైనా తిప్పి పంపండి. ముందు లాయర్ నోటీసు తయారు చేయించండి. డబ్బు అడగకుండానే వచ్చిందని, ఖాళీ చేయడానికి ఒప్పుకోలేదని, తిరిగి పంపుతున్నామని అందులో ఉండాలి. నోటీసు స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. అదే రోజు డబ్బు వచ్చిన ఖాతా నుంచే తిరిగి పంపించండి. ఆ లావాదేవీకి అతను ‘సెటిల్‌మెంట్’ లాంటి మాట ఏదైనా రాశాడేమో చూసి స్క్రీన్‌షాట్ ఉంచుకోండి. ‘మిగతా డబ్బు ఎప్పుడిస్తావ్’ అని మీ ఇంట్లోవాళ్లెవరైనా వాట్సాప్‌లో అడిగి ఉంటే అది కూడా లాయర్‌కు చూపించండి. దాచిపెట్టిన మెసేజ్ క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడితే అంతకన్నా నష్టం.

స్టాంపు కాగితం సంగతి. ఆ మనిషిని మళ్లీ గడప తొక్కనీయకండి. పాత తేదీ వేసి అగ్రిమెంటు రాస్తే అది ఫోర్జరీ. భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు 336, 338, 340 కిందికి వస్తుంది. 338 కింద పదేళ్ల దాకా, చివరికి యావజ్జీవం కూడా పడొచ్చు. స్టాంపు కాగితం మీద వరుస నంబరు, కొన్నవాడి పేరు, తేదీ, వెండర్ లైసెన్సు నంబరు ఉంటాయి. వెండర్ రిజిస్టరు తెప్పించమని అవతలివాళ్లు ఒక్క పిటిషన్ వేస్తే మీ పని అయిపోయినట్టే. పైగా ఆ కాగితం వల్ల లాభమేమిటి? ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాల్సిందే. రిజిస్టర్ కాని తొమ్మిదేళ్ల అగ్రిమెంటుతో తొమ్మిదేళ్ల గడువు కోర్టులో రుజువు కాదు. గెలిచే కేసులో దొంగ కాగితం పెట్టి జైలుకు పోవడానికా ఈ తాపత్రయం? తాళాలు పగలగొట్టే ఆలోచన కూడా వద్దు. ఆ పని చేస్తే ఓనరు ఫిర్యాదుదారు అవుతాడు, మీరు ముద్దాయి అవుతారు.

కాగితం లేకపోయినా సెక్షన్ 6కు నష్టం లేదు. స్థిరపడిన స్వాధీనంలో ఉన్నవాడికి హక్కు లేదనుకున్నా, యజమాని అతన్ని చట్టం దారిలో తప్ప ఖాళీ చేయించకూడదని సుప్రీంకోర్టు 1989లో కృష్ణరామ్ మహాలే కేసులో చెప్పింది. అందుకే మీరు రుజువు చేయాల్సింది రెండే విషయాలు: సెప్టెంబరు 30 దాకా మడిగె మీ చేతిలో ఉంది, ఆ రాత్రి మీ ఇష్టం లేకుండా పోయింది.

మొదటిదానికి కిరాయి పంపిన బ్యాంకు స్టేట్‌మెంట్‌ను బ్యాంకు సర్టిఫికెట్‌తో తీసుకోండి. ఆగస్టు, సెప్టెంబరు నెలల కమర్షియల్ గ్యాస్ సిలిండర్ బిల్లులు, కరెంటు బిల్లులు, మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు, ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ కూడా కావాలి. లైసెన్సు ఇంకా మీ నాన్నగారి పేరు మీదే ఉందని రాశారు. ఆయన పోయి ఇన్నేళ్లయినా మార్చుకోకపోవడం మీ తప్పే. ఇప్పుడు మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ జత చేసి, వారసులుగా అమ్మగారినీ తోబుట్టువులనూ దావాలో చేర్చండి.

రెండోదానికి 100కు చేసిన ఫోన్ పనికొస్తుంది. తెల్లవారుజామున నాలుగు దాటాక చేశారు కదా, కాల్ రికార్డు కోసం, స్టేషన్‌లో జనరల్ డైరీ (రోజువారీ నమోదు పుస్తకం) ఎంట్రీ నకలు కోసం అర్జీ పెట్టండి. పక్క షాపుల సీసీ కెమెరాలు అప్పుడే అడిగి ఉంటే బాగుండేది. సాధారణంగా కొన్ని వారాలకే పాత దృశ్యాలు చెరిగిపోతాయి. మీ ఫోన్లో ఆ తాళాల ఫొటోలు ఉంటే అసలు ఫోన్‌ను మార్చకండి, ఫార్మాట్ చేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జత చేయాల్సిన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ లేకుండా ఫొటోలు పెడితే అవతలివాళ్లు అభ్యంతరం చెబుతారు. ఆ సర్టిఫికెట్‌లో రెండు భాగాలుంటాయి: ఒకటి మీరు, రెండోది నిపుణుడు ఇవ్వాలి.

ఆరువందల సంతకాల కాగితం మీద కోర్టు ఒక్క ముక్క కూడా రాయదు. ఆ ఆరువందల మందిలో ఆ తెల్లారి షట్టర్ ముందు నిలబడ్డవాళ్లెవరు? పాలు పోసేవాడు వచ్చి కొత్త తాళాలు చూసి తిరిగిపోయాడా? అలాంటి ఇద్దరు చాలు. పండగ రాత్రి కావడం ఇక్కడ మీకు కలిసొచ్చింది. మామూలు మంగళవారమైతే సాక్షి తేదీ తడబడతాడు, సద్దుల బతుకమ్మను ఎవరూ మరిచిపోరు.

దావాతో పాటే రెండు దరఖాస్తులు పెట్టించండి. మడిగెను కూల్చకుండా, ఇంకొకరికి అప్పగించకుండా సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 కింద ఇంజంక్షన్ ఒకటి. అడ్వొకేట్ కమిషనర్ (కోర్టు నియమించే లాయర్) సమక్షంలో షట్టర్ తీసి సామాను జాబితా రాయించమని ఆర్డర్ 26 కింద రెండోది. గ్రైండర్లు, ఫ్రిజ్, ఇడ్లీ పాత్రలు, బెంచీలు మీ లెక్క ప్రకారం జాబితాలో రాసి, కొన్న బిల్లులు జత చేయండి. లోపల 19 కిలోల సిలిండర్లు ఉన్నాయని ప్రత్యేకంగా రాయండి. మూసిన గదిలో అవి ఉన్నాయన్న మాట చూస్తే కోర్టు ఆ దరఖాస్తును తొందరగా పట్టించుకునే అవకాశముంది.

నలభై ఏళ్లున్నాం కాబట్టి మడిగె మాదేనన్న మాట మరిచిపోండి. కిరాయి కడుతూ ఉన్నవాడు ఎన్నేళ్లున్నా యజమాని కాడు. రెంట్ కంట్రోల్ చట్టం కూడా మిమ్మల్ని కాపాడదు. 2005 సవరణ ప్రకారం మున్సిపల్ కార్పొరేషన్లు కాని చోట్ల కిరాయి 2,000 దాటితే ఆ చట్టం వర్తించదు, మీది అప్పటికే 2,500. అందువల్ల సెక్షన్ 6లో గెలిస్తే మీ చేతికి తాళంచెవులే వస్తాయి. ఓనరు కొడుకు ఆ తర్వాత ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 కింద 15 రోజుల నోటీసిచ్చి, పద్ధతిగా ఖాళీ దావా వేసుకోవచ్చు.

కాబట్టి దావా వేశాక, తాళాలు వచ్చినా రాకున్నా, రాజీకి సిద్ధంగా ఉండండి. సామాను, లక్షా యాభై వేల అడ్వాన్సు, వేరే చోట హోటల్ పెట్టుకోవడానికి ఏడాది గడువు అడగండి. ఒప్పందం కుదిరితే లోక్ అదాలత్‌లో అవార్డు (రాజీ తీర్పు) చేయించుకోండి. అది డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది. తెల్లకాగితం మీద రాసుకున్న ఒప్పందాన్ని మాత్రం నమ్మకండి. లాయర్ ఖర్చు భారమైతే అమ్మగారి పేరున న్యాయసేవా సంస్థకు అర్జీ పెట్టండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది.

రేపు లాయర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ సంతకాల కాగితం కూడా పట్టుకెళ్లండి. అందులో పాలు పోసేవాడి పేరుందేమో చూడండి.