వారంలో పేపర్ వేస్తామంటున్న జర్నల్‌ని నమ్మొచ్చా?

మీ ప్రశ్న ఇది: విజయవాడలో పార్ట్‌టైం పీహెచ్‌డీ చేస్తున్నారు. ఎవరో పంపిన మెయిల్‌లో 3,500 రూపాయలు కడితే వారంలో మీ పేపర్ ఆన్‌లైన్‌లో పెడతామని ఉంది. అలాంటి దొంగ జర్నల్‌ని ఎలా గుర్తుపట్టాలి అని అడిగారు. ముందు ఒక్క మాట, డబ్బు కట్టకండి. మిగతాది కొంచెం వివరంగా చెబుతాను. 2017లో ఇలాంటి మెయిల్‌కే నేను జవాబిచ్చాను.

నాది గుంటూరు, కామర్స్ లెక్చరర్‌ని. నా పరిశోధన మిర్చి రైతుల మీద. పంటని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని రేటు కోసం ఆగగలిగేది ఎవరు, ఆగలేక కల్లం నుంచే యార్డుకి తోలేది ఎవరు, ఎందుకు అన్నది నా ప్రశ్న. మేడికొండూరు, ప్రత్తిపాడు వైపు ఊళ్లకి స్కూటీ మీద తిరిగి 84 మంది రైతులతో మాట్లాడాను. రెండు ఎండాకాలాలు పట్టింది. యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య నిలబడి ఫారాలు నింపిన రోజుల్లో ఇంటికొచ్చాక కూడా కళ్లు మండుతూనే ఉండేవి. ఒక ఊళ్లో ఓ పెద్దాయన రేకుపెట్టెలోంచి నాలుగేళ్ల చీటీలు తీసి నులకమంచం మీద వరసగా పరిచాడు. తరుగు కింద ఎంత పోయింది, మచ్చు (శాంపిల్) పేరుతో ఎన్ని కాయలు తీశారు, ఏజెంటు దగ్గర తెచ్చిన అప్పుకి వడ్డీ ఎంత పడింది, అన్నీ ప్రతి చీటీ వెనక పెన్సిల్‌తో రాసుకున్నాడు. మధ్యాహ్నం దాకా ఓపిగ్గా ఒక్కొక్కటీ చెప్పాడు. నేను లేస్తుంటే, "రాసేదేదో పెద్దోళ్లు చదివేట్టు రాయమ్మాయ్" అన్నాడు.

అప్పట్లో ఉన్న యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) రూల్ ప్రకారం థీసిస్ ఇచ్చేలోపు రిఫరీడ్ జర్నల్‌లో, అంటే పేపర్‌ని ఆ సబ్జెక్టు తెలిసినవాళ్లు ముందు చదివి సరిచూసే జర్నల్‌లో, కనీసం ఒక పేపర్ పడాలి. నాకు గడువు నాలుగు నెలలే ఉంది. ఆ టెన్షన్‌లో ఉండగా మెయిల్ వచ్చింది. నేనూ గుడ్డిగా ఏం కట్టలేదు. యూజీసీ 2017లో ఆమోదిత జర్నళ్ల జాబితా పెట్టింది, అందులో వెతికితే ఆ పేరు ఉంది. పత్రికలకి ఇచ్చే ఐఎస్‌ఎస్‌ఎన్ నంబర్ ఉంది. జర్నల్ పేపర్లని మిగతావాళ్లు సగటున ఎన్నిసార్లు ఉదహరిస్తారో చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 5 పైనే అని ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను. సోమవారం పంపితే గురువారం అంగీకారపత్రం వచ్చింది. దాంతోపాటు రివ్యూ రిపోర్టు అని ఒక పేజీ పెట్టారు. కొత్తదనం దగ్గర గుడ్, భాష దగ్గర గుడ్, కింద యాక్సెప్ట్ అన్నచోట టిక్కు. మిర్చి అన్న మాట ఆ పేజీలో ఎక్కడా లేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. 2,800 కట్టాను, కాపీరైట్ ఫారం మీద సంతకం పెట్టి స్కాన్ చేసి పంపాను.

2018 మేలో యూజీసీ ఆ జాబితాలోంచి ఒక్కసారిగా 4,305 జర్నళ్లని తీసేసింది. నాదీ పోయింది. అంతకుముందే ఆ ఏడాది కరెంట్ సైన్స్ అనే సైన్స్ పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. జాబితాలోకి యూనివర్సిటీల సిఫార్సుతో చేరిన జర్నళ్లలో 1,009 తీసి చూస్తే 88 శాతానికి పైగా నాసిరకం అని తేలింది. అంటే నేను నమ్మిన జాబితాలోకే దొంగలు దర్జాగా వచ్చి కూర్చున్నారు.

అది ఎంత దెబ్బో నాకు 2019లో విజయవాడలో ఒక కాలేజీ ఇంటర్వ్యూలో తెలిసింది. సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్‌గా వచ్చిన పెద్దాయన నా ఫైల్లోంచి ఆ జర్నల్ ప్రింట్ కాపీ తీసి నా పేపర్ చూడకుండా విషయసూచిక తిప్పారు. నా మిర్చి పేపర్‌కి ముందు పళ్ల సిమెంటు మీద పేపర్, తర్వాత కాళిదాసు ఉపమల మీద, ఆ తర్వాత వైర్‌లెస్ సెన్సర్ల మీద. ఒకే సంచికలో అరవైకి పైగా. "ఇవన్నీ చదివి సరిచూసే ఎడిటర్ ఎవరమ్మా?" అన్నారు. తర్వాత నా మూడో పట్టిక మీద వేలు పెట్టి, "ఈ కాలమ్ కూడితే 118 శాతం వస్తోంది, ఎందుకని?" అని అడిగారు. రైతు ఒకటి కంటే ఎక్కువ కారణాలు చెప్పొచ్చు కాబట్టి మొత్తం వంద దాటింది. అది తప్పు లెక్క కాదు. కానీ ఆ సంగతి పట్టిక కింద ఒక్క వాక్యం రాయడం మర్చిపోయాను. చివరిగా, "రివ్యూయర్లు ఏం అడిగారు, మీరేం మార్చారు?" అన్నారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. శ్రద్ధగా చదివే మనిషి ఒక్కరు ఉండుంటే ఆ 118ని పది నిమిషాల్లో పట్టుకునేవారు. ఆయన కోపంగా మాట్లాడలేదు, జాలిగా మాట్లాడారు. తిరుగు బస్సులో మంగళగిరి వచ్చేదాకా ఆ కాపీ బ్యాగులో పెట్టలేక ఒళ్లోనే పట్టుకుని కూర్చున్నాను.

సరే, వెనక్కి తీసుకుని మంచి జర్నల్‌కి పంపుదామనుకున్నాను. వెనక్కి తీసుకోవాలంటే విత్‌డ్రాయల్ ఛార్జీ 6,000 అన్నారు. వేయడానికి 2,800, తీయడానికి 6,000! ఇది నా ఒక్కదాని గోడు కాదు. హైదరాబాద్ కేంద్రంగా నడిచే ఒక పెద్ద పబ్లిషింగ్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసులో ఇలాంటి ఆరోపణలే ఉన్నాయి. ఫీజు సంగతి ముందు చెప్పరని, పేపర్ వెనక్కి అడిగితే ఇవ్వరని. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. నేను డబ్బు కట్టలేదు, వాళ్లు పేపర్ తీయలేదు. ఒకసారి అచ్చయిన దాన్ని కొత్తది అని ఇంకో జర్నల్‌కి పంపడం తప్పు, పంపలేదు. రెండేళ్లకి ఆ వెబ్‌సైటే మాయమైంది. ఇప్పుడు ఆ 84 మంది చెప్పిన మాటలు నా లాప్‌టాప్‌లో పీడీఎఫ్‌గా, నా థీసిస్‌లో ఒక అధ్యాయంగా ఉన్నాయి తప్ప పెద్దవాళ్లు చదివేచోట లేవు. అందుకే డబ్బు పోవడం చిన్న నష్టం అంటున్నాను. పోయేది పని.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఈ దెబ్బ తిన్నాక మా స్టాఫ్‌రూమ్‌లో చాలామంది "ఓపెన్ యాక్సెస్ అంటేనే మోసం" అనేస్తున్నారు. అది అన్యాయం. ఎవరైనా డబ్బు లేకుండా చదువుకునేలా పేపర్ పెట్టడం మంచి పని. మా కాలేజీలాంటి చోట లైబ్రరీ బడ్జెట్‌తో విదేశీ జర్నల్ ఒక్కటి కూడా కొనలేం. ఓపెన్ యాక్సెస్ లేకపోతే నా థీసిస్‌లో సగం పుస్తకసూచి ఉండేది కాదు. రచయిత దగ్గర ఫీజు తీసుకునే మంచి జర్నళ్లు ఉన్నాయి, పైసా తీసుకోనివీ ఉన్నాయి. డీఓఏజే అని ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల డైరెక్టరీ ఉంది, 2003 నుంచి నడుస్తోంది. అందులో ఫీజు లేనివాటిని విడిగా వడగట్టి చూసుకోవచ్చు. ఫీజు అడగడం తప్పు కాదు. ఫీజు తీసుకుని చదవకపోవడం తప్పు.

అసలు ఈ దందా బతికేది మా మీదే. ప్రమోషన్‌కి పేపర్లు, కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే న్యాక్ వాళ్లు వస్తున్నారంటే పేపర్లు, ఇంక్రిమెంట్‌కి పేపర్లు. ఎన్ని అని అడుగుతారు గానీ ఏం రాశావని అడిగే ప్రిన్సిపాల్‌ని నేను ఇంతవరకూ చూడలేదు. మా వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పుడు "స్కోపస్ గ్యారంటీ, మూడో ఆథర్ స్లాట్ ఖాళీ" అని రేటుతో సహా మెసేజ్‌లు వస్తున్నాయి. స్కోపస్ అంటే జర్నళ్లని ఎంచి చేర్చుకునే ఒక పెద్ద డేటాబేస్. సినిమా టికెట్ అమ్మినట్టు ఆథర్ పేరు అమ్ముతున్నారు. కొనేవాళ్లు రేపు క్లాసులో పిల్లలకి కాపీ కొట్టొద్దని చెప్పాలి. నాకు ఇది తలుచుకుంటే నిద్ర పట్టదు.

మన దేశం పేరు కూడా దీంతో పోతోంది. 2013లో సైన్స్ పత్రిక తరఫున ఒక జర్నలిస్టు, కావాలనే తప్పులు పెట్టిన పేపర్‌ని 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకి పంపితే 157 ఒప్పేసుకున్నాయి. మన దేశంలో ఉన్నవాటిలో 64 సరే అన్నాయి, 15 మాత్రమే కాదన్నాయి.

ఇక మీ మెయిల్ సంగతి. ఐఎస్‌ఎస్‌ఎన్ ఉందని రాశారు. అది పత్రికకి ఇచ్చే గుర్తింపు నంబర్, అంతే. బండికి నంబర్ ప్లేట్ ఉన్నంత మాత్రాన డ్రైవర్‌కి బండి నడపడం వచ్చని కాదు. కాకపోతే ఆ నంబర్‌ని ఐఎస్‌ఎస్‌ఎన్ పోర్టల్‌లో కొట్టి చూడండి, పేరు, వెబ్‌సైట్ రెండూ కలుస్తున్నాయో లేదో. మంచి జర్నల్ పేరూ నంబరూ దొంగిలించి నకిలీ సైటు పెట్టేవాళ్లూ ఉన్నారు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే క్లారివేట్ సంస్థ లెక్కగట్టేది. గ్లోబల్, ఇంటర్నేషనల్ అని ముందు ఏదో ఒక మాట తగిలించిన ఫ్యాక్టర్లని లెక్కచేయకండి. స్కోపస్‌లో ఉన్నామంటే స్కోపస్ సైట్‌లోనే ఉచితంగా వెతకొచ్చు, వాళ్లు పెట్టిన లోగో చూసి ఆగిపోవద్దు. ఎడిటోరియల్ బోర్డులో ఇద్దరి పేర్లు తీసి, వాళ్ల యూనివర్సిటీ పేజీలో ఉన్న అడ్రస్‌కి మెయిల్ పెట్టి మీరు నిజంగా ఆ బోర్డులో ఉన్నారా అని అడగండి. నేను ఇప్పుడు మా విద్యార్థుల కోసం ఇదే చేస్తాను. ఒకసారి ఒక ప్రొఫెసర్ తన పేరు అక్కడ ఉన్న సంగతే తెలియదని జవాబిచ్చారు.

యూజీసీ జాబితా చూశానని ధైర్యంగా ఉండకండి. మొదటి జాబితా తర్వాత వచ్చిన కేర్ జాబితాని కూడా ఆపేస్తున్నట్టు 2025 ఫిబ్రవరిలో యూజీసీ ప్రకటించింది. ఏది మంచిదో ఇక ఆయా విద్యాసంస్థలే తేల్చుకోవాలి. అంటే మన కళ్లే మనకి దిక్కు. ఇంకో సంగతి, 2022 నవంబర్‌లో వచ్చిన పీహెచ్‌డీ నిబంధనల్లో థీసిస్ ఇవ్వాలంటే పేపర్ పడి తీరాలన్న షరతు లేదు. మీ యూనివర్సిటీ సొంతంగా పెట్టుకుందేమో రీసెర్చ్ సెల్‌లో రాతపూర్వకంగా అడగండి. షరతే లేకపోతే ఈ తొందర దేనికి?

అన్నిటికంటే నాకు నమ్మకమైన పరీక్ష ఒకటుంది. ఆ జర్నల్ పాత సంచిక తెరిచి మీ సబ్జెక్టులో ఒక పేపర్ మొదటి నుంచి చివరి దాకా చదవండి. పట్టికలు కూడండి. దాని పక్కన ఏ పేపర్లు ఉన్నాయో చూడండి. అరగంట పడుతుంది. నేను ఆ అరగంట పెట్టలేదు.

పోయిన ఏడాది కొత్తగా సర్వే చేసి ఫీజు లేని ఒక జర్నల్‌కి పంపాను. ఏడు నెలలు పట్టింది. ఇద్దరు రివ్యూయర్లు కలిపి మూడు పేజీలు రాశారు. వాళ్లలో ఒకరు "మచ్చు కింద పోయే కాయల విలువని తరుగులో ఎందుకు కలిపారు, విడిగా చూపించండి" అన్నారు. చదవగానే ఆ నులకమంచం, ఆ పెన్సిల్ లెక్కలు గుర్తొచ్చాయి. మళ్లీ ఊళ్లకి వెళ్లి లెక్క విడదీసి పంపాను. ఇంకా నిర్ణయం రాలేదు.

మీరు వాళ్లకి కాపీరైట్ ఫారం సంతకం చేసి పంపారా లేదా అన్నది ప్రశ్నలో రాయలేదు. పంపకపోతే పంపకండి. పంపేసి ఉంటే, డబ్బు ఇంకా కట్టలేదు కాబట్టి, నా పేపర్ వేయడానికి ఒప్పుకోవడం లేదని ఈరోజే మెయిల్ పెట్టండి. మీ గైడ్‌కి కాపీ పెట్టి, ఆ మెయిల్ ప్రింట్ తీసి దాచుకోండి.