అంతరిక్షంలో విడివిడిగా కాలనీలు వేసుకుంటే స్వాతంత్ర్యం దక్కుతుందా?

ప్రభుత్వాల ఏలుబడి గిట్టనివారు అంతరిక్షంలో దూరదూరంగా చిన్న చిన్న కాలనీలు కట్టుకుని స్థిరపడవచ్చు కదా అని మీరు అడిగారు. నేను వ్యోమగామిని కాను. విశాఖపట్నం నుంచి వెళ్ళి సరుకు ఓడల ఇంజిన్ రూముల్లో పధ్నాలుగేళ్ళు పనిచేసినవాణ్ణి. చుట్టూ తాగలేని నీరున్నచోట ఒక్క యంత్రాన్ని నమ్ముకుని బతకడం ఎలా ఉంటుందో తెలుసు కనుక ఈ జవాబు రాస్తున్నాను.

నేను థర్డ్ ఇంజనీరుగా ఉన్న ఓడలో, హిందూ మహాసముద్రం మధ్యన, ఫ్రెష్ వాటర్ జనరేటర్ చెడిపోయింది. ఇంజిన్ వేడితో సముద్రపు నీటిని మరిగించి మంచినీరు చేసే యంత్రమది. ప్లేట్ల మధ్య రబ్బరు గాస్కెట్లు పాడై ఉప్పునీరు కలిసింది, నీటిలో ఉప్పు ఎంతుందో కొలిచే సాలినోమీటరు అలారం ఆగకుండా మోగింది. స్పేర్ గాస్కెట్లు చాలినన్ని లేవు, రేవు 11 రోజుల దూరంలో ఉంది. ఉదయం అరగంట, సాయంత్రం అరగంట మాత్రమే నీళ్ళు వదలమని కెప్టెన్ ఉత్తర్వు ఇచ్చి, వాల్వు బాధ్యత నాకు అప్పగించారు. రెండో రోజున మా వంటాయన, భీమిలి వైపు మనిషి, మా నాన్న వయసువాడు, పప్పుగిన్నె పట్టుకుని ఇంజిన్ రూము మెట్లు దిగి వచ్చి, "బాబూ, కడగడానికైనా ఓ బకెట్టు వదలండి" అన్నాడు. అంతకుముందు దాకా "తిన్నావా నాయనా" అనేవాడు. కెప్టెన్‌తో గొడవపడిన ఒక కుర్రాడు దిగిపోతానని కేకలు వేశాడు. ఎక్కడికి దిగుతాడు?

కాలనీలో ఆ వాల్వు గాలిది. అమెరికాలోని అరిజోనాలో, బయటి గాలి చొరబడకుండా ప్రయోగం కోసం కట్టిన బయోస్ఫియర్ 2 అనే గాజు భవనంలో 1991లో 8 మంది తలుపులు మూసుకుని రెండేళ్ళు ఉన్నారు; మట్టిలోని సూక్ష్మజీవులు పీల్చేయడంతో ఆక్సిజన్ దాదాపు 21 శాతం నుంచి 14.5 శాతం దగ్గరికి పడిపోగా, 1993 జనవరిలో బయటినుంచి పంపవలసి వచ్చింది. ఆ ఎనిమిది మందీ రెండు వర్గాలుగా చీలిపోయారన్నది నాకేమీ ఆశ్చర్యం కలిగించలేదు.

చట్టం చూసినా ఇంతే. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం, ఏ దేశం రిజిస్టరులో ఉన్న వాహనం మీద, అందులోని మనుషుల మీద ఆ దేశానిదే అధికారం. ఓడకు జెండా ఎలాగో ఇదీ అలాగే. 2016లో తనను తాను అంతరిక్ష దేశంగా ప్రకటించుకున్న అస్గార్డియా కూడా, మరుసటి ఏడాది తన చిన్న ఉపగ్రహాన్ని అమెరికా రాకెట్టు మీదనే పంపుకుంది.

విడివిడి కాలనీల వాదనలో నాకు నచ్చినది ఒకటుంది: ఒకచోటి పాలన నచ్చకపోతే మరోచోటికి పోవచ్చు. అయితే ఊళ్ళో పెద్దలతో పడనివాడు రాత్రికి రాత్రి మూటాముల్లె సర్దుకుని నడిచి పోగలడు. అక్కడ వాహనం కావాలి, ఇంధనం కావాలి, అవతలివాళ్ళు తలుపు తీయాలి. కాలనీలు ఎంత దూరమైతే ఈ మూడూ అంత కష్టం. పైగా యాభై మంది ఉన్న కాలనీ తన గాస్కెట్లు తానే తయారుచేసుకోలేదు.

కాబట్టి వెళ్ళేవారు దగ్గరదగ్గరగానే ఉండాలనీ, గాలి యంత్రాలు కనీసం రెండు, వేర్వేరు చేతుల్లో ఉండాలనీ నా అభిప్రాయం. 2022 డిసెంబరులో అంతరిక్ష కేంద్రం దగ్గర మనుషులను తీసుకెళ్ళి తెచ్చే రష్యా వాహనం సోయుజ్ ఒకటి లీకైతే, అందులో తిరిగి రావలసిన ముగ్గురి కోసం రెండు నెలల తర్వాత మరొకటి ఖాళీగా పంపారు. ఎవరైనా నన్ను కాలనీకి పిలిస్తే, నా పేరు మీద అలాంటి సీటు ఉందా, దాని తాళం ఎవరి దగ్గర ఉంటుంది అని ముందు అడుగుతాను.