నాయనమ్మ దగ్గర మీకు తట్టిన ప్రశ్ననే ప్రాజెక్టుగా తీసుకోండి

ప్రశ్న: గుంటూరు జిల్లాలో ఫార్మ్‌-డి (ఫార్మసీ కోర్సు) నాలుగో ఏడాది చదువుతున్నాను. తుంటి ఎముక ఆపరేషన్ అయిన రెండో రాత్రి మా నాయనమ్మ మమ్మల్ని గుర్తుపట్టలేదు, సెలైన్ పీకేసింది. అడిగితే ‘పెద్ద వయసు కదా, మామూలే’ అన్నారు. నాలుగు రోజులకు తేరుకుంది గానీ మునుపటిలా నడవలేకపోతోంది. అప్పటి నుంచి వృద్ధుల ఆరోగ్యంపై క్లినికల్ రీసెర్చ్ చేయాలని ఉంది. ఇంట్లో మాత్రం ఆరు నెలల కోర్సు చేసి ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల రిపోర్టులు పరిశీలించే) ఉద్యోగంలో చేరమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: నేను డాక్టర్ని కాదు. కానీ మీరు రాసింది చదివితే డెలీరియం గుర్తొచ్చింది. ఆసుపత్రిలో చేరిన పెద్దవాళ్లకు ఉన్నట్టుండి మతి తప్పడం, గంటకో రకంగా ఉండటం దాని లక్షణం. ‘మామూలే’ అని వదిలేయాల్సిన విషయం కాదు.

అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో షారన్ ఇనౌయే బృందం 70 ఏళ్లు దాటిన 852 మంది రోగులపై చేసిన అధ్యయనం 1999లో వచ్చింది. వాళ్లు కొత్త మందేమీ ఇవ్వలేదు. కళ్లజోడు, వినికిడి మిషన్ చేతికందేలా పెట్టారు. లేపి నడిపించారు, నీళ్లు తాగించారు. ఇవాళ ఏ రోజో చెబుతూ పలకరించారు. రాత్రిపూట నిద్రమాత్రకు బదులు వేడి పాలిచ్చి వీపు నిమిరారు. మామూలు వార్డుల్లో 15 శాతం మందికి డెలీరియం వస్తే, ఇక్కడ 9.9 శాతానికే వచ్చింది. ఒకసారి వచ్చాక మాత్రం తీవ్రతలో తేడా కనిపించలేదు. అంటే రాకముందే ఆపుకోవాలి. మీ నాయనమ్మగారి కళ్లజోడు ఆ రాత్రి ఎక్కడుందో గుర్తుందా? చాలా ఇళ్లలో అది పోతుందేమోనని సంచిలో దాచేస్తారు.

ఇక మీ చదువు. ఐదో ఏడాదిలో ఎలాగూ ప్రాజెక్టు ఉంటుంది, దాన్ని ఇక్కడే వాడుకోండి. ఆర్థో వార్డులో చేరే 60 ఏళ్లు దాటినవారు ఇంటి నుంచి ఏ మందులు తెచ్చుకున్నారు, వార్డులో ఇంకేం కలిశాయి, ఎవరికి మతి తప్పింది? ఫార్మసీ చదివినవారి చూపు ఇక్కడ బాగా పనికొస్తుంది. పెద్దవాళ్లు వీలైనంత వరకు వాడకూడని మందులను చెప్పే బీర్స్ జాబితాలో, మనం జలుబుకు వేసుకునే క్లోర్‌ఫెనిరమైన్ కూడా ఉంది. డెలీరియం గుర్తించే పద్ధతిని గైడు దగ్గర సరిగ్గా నేర్చుకోండి. ఏకాగ్రత చూడటానికి నెలల పేర్లు వెనక నుంచి చెప్పమంటారు. బడికి వెళ్లని అవ్వను అలా అడిగితే లాభం లేదు, వారాల పేర్లు అడగాలేమో. ఇలాంటి చోటే మన భాష తెలిసిన పరిశోధకుల అవసరం ఉంది. మతి తప్పిన మనిషి సమ్మతి ఇవ్వలేరు కాబట్టి కుటుంబసభ్యుల సమ్మతి, కోలుకున్నాక మళ్లీ ఆ రోగి సమ్మతి తీసుకోవాల్సి ఉంటుంది. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు ఒక్క కేస్‌షీట్ కూడా ముట్టుకోవద్దు.

ఫార్మకోవిజిలెన్స్ చెడ్డ ఉద్యోగమేమీ కాదు. అయితే అక్కడ మీ ముందుకు రిపోర్టులే వస్తాయి, రోగులు రారు. మీ మనసు వార్డులో ఉంది కాబట్టి ముందు ఆసుపత్రిలో రీసెర్చ్ కోఆర్డినేటర్‌గా చేరండి. మొదట్లో జీతం గొప్పగా ఉండదు, ఆ సంగతి ఇంట్లో ముందే చెప్పండి. తర్వాత ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చేయవచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, తిరువనంతపురం శ్రీచిత్రలో ఆ కోర్సు ఉంది. స్టాటిస్టిక్స్ అంటే టెన్షన్ ఉంటే ఇప్పుడే మొదలుపెట్టండి. సాధనకు డేటా కూడా దొరుకుతుంది: 45 ఏళ్లు పైబడినవారు, వారి జీవిత భాగస్వాములు కలిపి 72 వేల మందికి పైగా వివరాలున్న ‘లాసి’ (మన దేశంలో వృద్ధాప్యంపై జరిగిన) సర్వే డేటాను ముంబయిలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్ అడిగినవారికి ఇస్తుంది. ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ అనే కోర్సులకు డబ్బు కట్టే ముందు, కిందటి బ్యాచ్ పిల్లలు నలుగురితో ఫోన్‌లో మాట్లాడండి.

గైడును కలిసే ముందు ఆర్థో వార్డు నైట్ డ్యూటీ సిస్టర్‌ను ఒకసారి కలవండి. రాత్రి పన్నెండు దాటాక ఏ మంచం మీద ఎవరు లేచి కూర్చుని ఇంటికి పోతామంటున్నారో ఆమెకే తెలుసు. పొద్దున డాక్టర్లు రౌండ్స్‌కు వచ్చేసరికి వాళ్లు నిద్రపోతూ కనిపిస్తారు.