ఫాగ్ లైట్ ఇంట్లో మనమే మార్చుకుంటే కేసవుతుందా?

తిరుపతి నుంచి ఒక పాఠకుడు అడిగిన సందేహం ఇది. పార్కింగ్‌లో ఎవరో స్కూటర్‌తో గుద్దేసి వెళ్లిపోవడంతో ఆయన కారుకు ఎడమవైపు ఫాగ్ లైట్ (మంచులో దారి చూపే లైటు) పగిలిపోయింది. అదే లైటు బయట స్పేర్ పార్టుల షాపులో దొరుకుతోంది, ఇంట్లో తానే మార్చుకుందామనుకుంటున్నారు. ఈలోగా వారంటీ పోతుందని ఒకరు, ఐదు వేలు ఫైన్ పడుతుందని ఇంకొకరు, ఇన్సూరెన్స్ రాదని మరొకరు భయపెట్టారు. మార్చేదెలాగూ మారుస్తున్నావు కదా, పవర్ ఎక్కువున్న ఎల్‌ఈడీలు వేసేయమని బావమరిది పట్టుబడుతున్నాడట. ధనుర్మాసంలో కొండకు వెళ్లాలి, ఏం చేయమంటారు అని అడిగారు.

సార్, ముందు టెన్షన్ వదిలేయండి. మీ కారుకు కంపెనీ ఇచ్చిన లైటు పగిలితే అదే రకం లైటు అదే చోట పెట్టుకోవడం రిపేరు. దానికి ఆర్టీఓ పర్మిషన్ అక్కర్లేదు. మెకానిక్ చేతే చేయించాలని మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా లేదు. స్క్రూ ఎవరు తిప్పారన్నది చట్టానికి పట్టదు, బండికి ఇప్పుడు ఏ లైటు ఉంది, అది ఎదుటివాడి కంట్లో పడుతోందా లేదా అన్నదే పడుతుంది.

ఆ ఐదు వేల మాట గాల్లోంచి పుట్టింది కాదు. 1988 నాటి చట్టంలో సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ(4) దానికి శిక్ష చెప్తుంది: రూల్స్ ఒప్పుకోని మార్పు చేస్తే, పార్టులు తగిలించినా సరే, ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. కంపెనీ స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు కూడా 2019 జనవరి 9న కె. జయచంద్ర కేసులో స్పష్టంగా చెప్పింది. ఇవన్నీ బండి రూపం మార్చేవాళ్ల కోసం. పగిలినదాని చోట అలాంటిదే పెట్టుకునే మీ కోసం కాదు.

మీ బావమరిది మాట వింటే మాత్రం మీరు ఆ సెక్షన్ దగ్గరికే నడిచి వెళ్తున్నట్టు. ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మామూలు హాలోజన్ ఫాగ్ లైట్ లోపల అద్దంలా మెరిసే గిన్నె ఒకటి ఉంటుంది, బల్బులోని ఫిలమెంటు సరిగ్గా ఎక్కడ ఉంటుందో లెక్కగట్టి దాన్ని తయారుచేస్తారు. అందులో ఎల్‌ఈడీ బల్బు దూరిస్తే వెలుగు పుట్టే చోటు మారిపోతుంది, కిందికి వెడల్పుగా పరుచుకోవాల్సిన కాంతి పైకి చిమ్ముతుంది. మంచులో అలా పైకి లేచిన కాంతి నీటి తుంపరలకు తగిలి తిరిగి మీ కళ్లలోకే వస్తుంది, మీ ముందు తెల్లగోడ కట్టినట్టు ఉంటుంది. కొండ మీదే కాదు, భాకరాపేట ఘాట్‌లోనో పలమనేరు దారిలో మొగిలి ఘాట్‌లోనో ఎదురుగా వచ్చే లారీ డ్రైవర్‌కు ఆ ఒక్క క్షణం రోడ్డు కనిపించకపోతే ఏమవుతుందో మీరే ఊహించండి. దయచేసి ఆ పని చేయకండి.

దీనికి కేంద్ర మోటారు వాహనాల రూల్స్, 1989లో కొలత కూడా ఉంది. రూల్ 106 ప్రకారం ముందు లైటు కాంతి ఎప్పుడూ కిందికే వంగి ఉండాలి. లైటుకు 8 మీటర్ల దూరంలో, దాని కుడి అంచుకు అర మీటరు పక్కన, నేల నుంచి మీటరున్నర ఎత్తులో కన్ను ఉన్న మనిషికి అది మిరుమిట్లు గొలపకూడదు. లైటు బిగించాక చీకటి పడే వేళ మీ వీధిలో సమంగా ఉన్న చోట బండి నిలిపి, టేపుతో 8 మీటర్లు కొలిచి, కొంచెం వంగి కళ్లు ఆ ఎత్తుకు తెచ్చుకుని చూడండి. కళ్లు చికిలించాల్సి వస్తే లైటు వెనక సర్దుబాటు స్క్రూ ఉంటే దాంతో దించండి, లేకపోతే బ్రాకెట్ వంకరపోయిందేమో చూడండి. గుద్దిన దెబ్బకు లైటుతో పాటు బ్రాకెట్ కూడా వంగడం మామూలే. ఇక బంపర్ మీదో పైకప్పు మీదో అదనంగా దూరం కొట్టే లైట్లు పెట్టాలంటే రూల్ 111 అడ్డొస్తుంది, స్పాట్ లైటుకు ముందుగా రిజిస్టరింగ్ అథారిటీ అనుమతి ఉండాలి, అదీ ప్రత్యేక పరిస్థితుల్లోనే.

ఈలోగా పగిలిన లైటుతో కొండకు వెళ్లొచ్చా అంటే, హెడ్‌లైట్లు రెండూ బాగుంటే వెళ్లొచ్చు. ముందు ఫాగ్ లైట్లు కార్లకు తప్పనిసరి కావు. పగిలిన అద్దం ముక్కలు తీసేసి, వేలాడే వైరుకు టేపు చుట్టండి. మంచు దట్టంగా ఉంటే లో బీమ్ మీదే నెమ్మదిగా వెళ్లండి. ఘాట్ రోడ్డులో ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు అని టైము పెట్టింది కూడా మెల్లగా నడపమనే కదా. దారిలో పోలీసులు ఆపి ఫైన్ రాస్తే ఏ సెక్షన్ కింద రాశారో చలాన్‌లో చూసుకోండి, ఒప్పుకోకపోతే దాన్ని సవాలు చేసే హక్కు మీకుంది. ఇంకోటి, సెక్షన్ 207 కింద బండి పట్టుకెళ్లే అధికారం లైసెన్సు, రిజిస్ట్రేషన్, పర్మిట్ లాంటి వాటికి సంబంధించింది. ఒక ఫాగ్ లైట్ పగిలిందని ఆ సెక్షన్ చూపించి బండి సీజ్ చేయడం కుదరదు. మర్యాదగా, గొంతు పెంచకుండా ఆ మాట చెప్పండి.

ఇన్సూరెన్స్ సంగతి. ఇంత చిన్నదానికి క్లెయిమ్ పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. 1500 సీసీ లోపు కారుకు మొదటి వెయ్యి ఎలాగూ మీరే పెట్టుకోవాలి, ప్లాస్టిక్ పార్టులకు జీరో డిప్రిసియేషన్ (పార్టుల తరుగు కింద కోత పెట్టని కవర్) లేకపోతే సగం కోత, పైగా నో క్లెయిమ్ బోనస్ పోతుంది. మీరే లైటు మార్చుకున్నంత మాత్రాన పాలసీ పోదు. కానీ కంపెనీ కప్లర్ (లైటుకు వైరు గుచ్చే ప్లగ్గు) వదిలేసి హెడ్‌లైట్ వైరు కోసి జాయింట్ వేశారనుకోండి, రేపు షార్ట్ సర్క్యూట్ అయి బండి కాలితే నష్టం చూడ్డానికి వచ్చే ఇన్సూరెన్స్ సర్వేయర్ మొదట ఫొటో తీసేది ఆ జాయింటునే. ఆ అవకాశం వాళ్లకు ఇవ్వకండి. బ్యాటరీ నెగెటివ్ తీసి, పాత కప్లర్‌లోనే కొత్త లైటు గుచ్చండి, పట్టకపోతే అది మీ మోడల్ లైటు కాదన్నమాట, తిరిగిచ్చేయండి.

సెకండ్ హ్యాండ్ లైటు తక్కువకు వస్తుందని బిల్లు లేకుండా పాత సామాన్ల కొట్లో కొనొద్దు. దొంగ సొత్తు అని తెలిసో, అలా అనుకోవడానికి కారణం ఉండో కొంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 వర్తిస్తుంది. మీకు నిజంగా తెలియదని నిరూపించుకోవడానికి బిల్లే ఆధారం.

చివరగా వారంటీ. బయట రిపేరు చేయించుకున్నంత మాత్రాన మొత్తం వారంటీ రద్దు అనే షరతు పెట్టకూడదని, మార్కెట్లో పోటీ సరిగ్గా సాగేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీల కేసులో చెప్పింది. ఆ ఆర్డర్ మీద తర్వాత అప్పీళ్లు నడిచాయి, కాబట్టి దాన్నొక్కదాన్నే పట్టుకుని కొట్లాడకండి, మీ వారంటీ పుస్తకంలో ఏం రాసి ఉందో ముందు చదవండి. మామూలుగా మీ పనివల్ల చెడిపోయిన భాగానికే వాళ్లు కాదనగలరు, ఫాగ్ లైట్ మార్చినందుకు గేర్‌బాక్స్ వారంటీ ఇవ్వబోమని వాళ్లంటే అది నిలవదు. అలా అంటే కౌంటర్‌లో నోటితో చెప్పింది ఈమెయిల్‌లో రాసిమ్మనండి. చాలాసార్లు అక్కడే వెనక్కి తగ్గుతారు. తగ్గకపోతే ఆ కాగితం, లైటు బిల్లు, బిగించక ముందూ తర్వాతా తీసిన ఫొటోలు పెట్టుకుని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. మీరు ఉంటున్న చోటే ఫిర్యాదు వేయొచ్చు, కొన్నప్పుడు చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే ఫీజు ఉండదు, వివాదం మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి.