చీము ఉంది, క్రిములు లేవు

ప్రశ్న: మా బాబుకి 7 ఏళ్లు, 20 కిలోలుంటాడు. ఒళ్లంతా ఎర్రగా కందిపోయి, పైన ఆవగింజలంత చీముపొక్కులు, జ్వరం. అమ్మవారు పోసిందని మా అత్తయ్య గుమ్మానికి వేపాకు కట్టారు. ఇక్కడి డాక్టరు స్టెరాయిడ్ మాత్రలిస్తే తగ్గింది, ఆపగానే ఇంకా ఎక్కువైంది. పెద్దాసుపత్రిలో పస్ట్యులర్ సోరియాసిస్ అన్నారు, అడలిముమాబ్ అనే బయలాజిక్ ఇంజెక్షన్ వేద్దామంటున్నారు. అది క్యాన్సర్ మందా? మాత్రల్లో రాదా? వాడి చెల్లికి అంటుకుంటుందా?
– ఒక తల్లి, జనగామ

జవాబు: అంటుకోదమ్మా. చెల్లిని పక్కనే పడుకోనివ్వండి. ఆ చీముని కల్చర్‌కి పంపితే క్రిములేవీ పెరగవు. ఒంట్లోని తెల్లకణాలే, శత్రువెవరూ లేకుండా, చర్మం మీదికి దండెత్తాయి. కొందరు పిల్లల్లో ఐఎల్36ఆర్ఎన్ అనే జన్యువు పాడై, ఈ మంటకి బ్రేకు పుట్టుకతోనే పడదు.

మాత్రలు ఆపగానే తిరగబెట్టిందన్నారు చూశారూ, సోరియాసిస్‌లో స్టెరాయిడ్ ఉన్నపళంగా మానేస్తే జరిగేది అదే. ఇంట్లో మిగిలిన స్ట్రిప్ ఉంటే మీ అంతట మీరు వేయకండి. ఇప్పుడు వాడుతుంటే మీ అంతట మీరు ఆపనూ వద్దు.

అడలిముమాబ్ క్యాన్సర్‌కిచ్చే కీమో కాదు. టీఎన్ఎఫ్ అని మంటని ఎగదోసే పదార్థం ఒకటుంది, దాన్ని పట్టి కట్టేసే ప్రొటీన్ ఇది. మింగితే పప్పన్నంలా అరిగిపోతుంది. అందుకే చర్మం కింద సూది, మామూలుగా రెండు వారాలకోసారి. కీళ్లవాతం ఉన్న పిల్లలకి ఏళ్లుగా ఇస్తున్నదే. 2014 చివర్లో జైడస్ మందుల కంపెనీ వాళ్లు మన దేశంలోనే తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాక ధర దిగింది. ఈ జబ్బు కోసమే వచ్చిన స్పెసొలిమాబ్ అనే మందు ఇంకోటుంది. అమెరికాలో 2024లో పిల్లలకీ ఒప్పుకున్నారు గానీ 12 ఏళ్లు నిండాలి, 40 కిలోలుండాలి. మీవాడు అందులో సగం.

నా భయం సూది గురించి కాదు, టీబీ గురించి. టీఎన్ఎఫ్‌ని కట్టేస్తే ఒంట్లో నిద్రపోతున్న టీబీ ఉంటే అది లేవొచ్చు. కాబట్టి ముందు ఛాతీ ఎక్స్‌రే, మాంటూ పరీక్ష. మాంటూ వేసిన చెయ్యి 48 నుంచి 72 గంటల్లోపు చూపించాలి. ఊరెళ్లిపోయి ఐదో రోజు వచ్చేవాళ్లు నాకు నెలకొకరైనా తగులుతారు! తాతగారికి పాత దగ్గేమైనా ఉంటే మొహమాటపడకుండా చెప్పండి. టీకా కార్డూ తీసుకెళ్లండి. ఎంఆర్ (తట్టు, రుబెల్లా), ఆటలమ్మ టీకాల్లాంటివి బాకీ ఉంటే ఈ మందు మొదలుపెట్టాక ఇవ్వకూడదు, ముందే అడగండి.

ఇంజెక్షన్ ఫ్రిజ్ మధ్య అరలో పెట్టండి. మొన్నొకావిడ ‘చల్లగా ఉండాలన్నారుగా’ అని ఐస్ ట్రే పక్కన పెట్టింది. గడ్డకట్టిన సిరంజిని పారేయడం తప్ప ఏమీ చేయలేకపోయాం, ఆవిడ ముఖం చూడలేకపోయాను. జ్వరం ఉన్న రోజు సూది వేయించకుండా ముందు మీ డాక్టరుకి ఫోన్ చేయండి.

అత్తయ్యగారిని ఏమీ అనకండి. వేపాకు గుమ్మానికి ఉండనివ్వండి, పొక్కుల మీద మాత్రం రుద్దనివ్వకండి.